చాటింపు పడినాక

తిరుపతిలో మీసాలున్న మగవాళ్ళకు రవికలు కుట్టడంలో మా అత్త రాఘవమ్మను మించినవాళ్ళు లేరు. గంగజాతర దగ్గర పడుతోందంటే చాలు, గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట చుట్టుపక్కల నుంచి ఆటో తోలేవాళ్ళూ, బ్యాంకు గుమాస్తాలూ, కాలేజీ కుర్రాళ్ళూ వచ్చి మా వరండాలో చేతులు చాపి నిలబడేవాళ్ళు. మొక్కున్న మగవాడు ఆ వారంలో ఒకరోజు ఆడవేషం కట్టాలి. కట్టేవాడికి సిగ్గుండదు, కొలత తీసే మా అత్తకు అసలే ఉండదు. "ఏంరా, పోయినేటికంటే లావైనావు, నీ పెండ్లాం బాగా మేపుతాండాదే" అని నోటికొచ్చినట్టు అనేది. జాతరలో ఎవరు ఎవరిని ఏమన్నా పట్టించుకోకూడదు, అది ఆచారం. మా అత్తకు ఆ ఆచారం ఏడాది పొడుగునా నడిచేది.

రెండువేల రెండు వేసవిలో ఆమె కుట్టిన రవికల్లో ఒకటి నా మొగుడిది.

ఆయన పేరు జయచంద్ర. సైన్యంలో కెప్టెన్. కెప్టెన్ అనగానే ఎదుటివాళ్ళ మొహంలో ఒక మర్యాద వచ్చేది, పళ్ళ డాక్టరని తెలియగానే అందులో సగం పోయేది. మా పెళ్ళయి ఏడాది తిరక్కముందే సైన్యమంతా సరిహద్దుకు కదిలింది. ఆయనా రాజస్థాన్ ఇసుకలో ఒక గుడారాల ఆసుపత్రికి వెళ్ళాడు. రైలు కదిలిన రోజే మా అత్త గంగమ్మకు మొక్కుకుంది, కొడుకు సెలవు మీద వస్తే జాతరలో వేషం కట్టిస్తానని. మే నెలలో సెలవు దొరికింది, వచ్చాడు.

వచ్చిన మర్నాడు వరండాలో చేతులు చాపి నిలబడితే అత్త టేపు పెట్టి కొలుస్తోంది. మూల మీద పూలకొట్టు గోవిందు గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"నాకు తెలీక అడగతా జయా, యుద్ధానికి పండ్ల డాక్టరు ఎందుకబ్బా? పాకిస్తానోళ్ళ పండ్లు రాలగొట్టేదానికా?"

"యుద్ధం ఇంకా రానేలేదు గోవిందన్నా. కాసుకోనుండారు, అంతే. అదే కష్టం" అన్నాడు ఆయన. "రేపొస్తాది, ఎల్లుండొస్తాది అని నెలల తరబడి కాసుకోనుంటే మనిషికి దవడ బిగుసుకుంటాది. నిద్దట్లో పండ్లు కొరుకుతారు. ఒక్కో గుడారం పక్కన నిలబడితే తిరగలి తిప్పినట్టు వినపడతాది. పొద్దున్నే సగం ఇరిగిన పన్ను చేతిలో పెట్టుకొని వస్తారు. దాంతోపాటు ఇసుక. చపాతీలో ఇసుక, పప్పులో ఇసుక. అరవై ఏండ్లకు అరగాల్సిన పండ్లు ఆర్నెల్లకే అరిగిపోతాండాయి."

"మరి కరెంటుండాదా ఆడ?"

"యాడిది? కాలితో తొక్కే మిషను. మా దొరస్వామి తొక్కుతాడు, నేను పన్ను తొలుస్తా. అచ్చం అమ్మ మిషను మాదిరే."

దొరస్వామి ఆయన సహాయకుడు. మా జిల్లావాడే, నగరి దగ్గర మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. ఆ ఎడారిలో తెలుగు మాట్లాడటానికి ఒకరికొకరు వాళ్ళిద్దరే. ఆ సెలవులో నేను ఆయన నోట నా పేరు కంటే ఆ పేరే ఎక్కువ విన్నాను. ముందు పోస్టుల్లో ఎవరికైనా పన్ను నొప్పి ఎక్కువైతే జీపులో ఇద్దరూ వెళ్తారట. ఈయన ముందు డ్రైవరు పక్కన, దొరస్వామి వెనక పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని. తూటాకు భయపడని జవాను సూది చూడగానే గుడారంలోకి దూరతాడట, దొరస్వామి అరవపాట పాడి వాణ్ణి కుర్చీలో కూర్చోబెడతాడట.

"దెబ్బలు తగిలినోళ్ళు వస్తే?" అని నేను తర్వాత విడిగా అడిగాను.

"అప్పుడు నువ్వు పండ్ల డాక్టరువా అని ఎవరూ అడగరు జానూ. దీపం పట్టుకోమంటే పట్టుకుంటా, రక్తం ఆపమంటే ఆపతా. మొహానికి, దవడకు తగిలితే మాత్రం అందరూ పక్కకు జరిగి నన్ను ముందుకు తోస్తారు. అది నా పని" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో కనిపించిన నిబ్బరం నాకిప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత అది మళ్ళీ కనిపించలేదు.

మంగళవారం రాత్రి చాటింపు పడింది. డప్పులతో వీధి వీధికీ వచ్చి జాతర మొదలైందని చాటుతారు. చాటింపు పడ్డాక బయటివాళ్ళు ఊళ్ళో రాత్రి నిలవకూడదు, ఊరివాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదు. నా పుట్టిల్లు కార్వేటినగరం, నాకు ఈ కట్టు కొత్త. ఇప్పుడు దీన్ని పాటించేవాళ్ళెంతమంది? బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కొండకు యాత్రికులు పోతూనే ఉంటారు. కానీ మొక్కున్న ఇంటికి మాత్రం అది మాటంటే మాటే.

జాతరలో రోజుకో వేషం, శుక్రవారం తోటి వేషం. ఒంటినిండా బొగ్గు పూసుకుని, మెడలో వేపమండలు వేసుకుని ఆయన గుడికి వెళ్ళొచ్చి ఇంకా గడప ఎక్కలేదు, ఫోను మోగింది. నేను ఎత్తి, హిందీ వినబడగానే ఆయనకు అందించాను. అంత నల్లటి బొగ్గులో ఆయన నిటారుగా నిలబడి "యస్ సార్, రైట్ సార్" అంటుంటే నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఫోను పెట్టేసి ఆయన నవ్వలేదు.

"జమ్మూ పక్క ఏదో దాడి జరిగింది. సెలవులన్నీ రద్దు. వెంటనే రమ్మంటాండారు. రేపు పొద్దున్నే మద్రాసు పోయి విమానమెక్కాల, ఆదివారం పొద్దునకంతా ఆడ ఉండాల" అన్నాడు.

స్నానం చేసి వచ్చి ట్రంకు పెట్టె కిందికి దించాడు. అత్త మిషను మీద ఆయన రవికే కుడుతోంది, చిలకపచ్చ రంగుది. ఆదివారం మాతంగి వేషానికి, మొక్కుకున్న ఆడవేషం అదే. తల ఎత్తకుండా అంది.

"చాటింపు పడిండాది కదా నాయనా."

"అమ్మా, ఇది ఆర్డరు. ఉత్త ఉద్యోగం కాదు."

"సరే పో."

మిషను ఆగింది. బ్లేడు తీసుకుని, అప్పటికే రవికకు అతికించిన చెయ్యి కుట్టును ఒక్కొక్క పోగే విప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. ఏడ్చి ఉంటే ఆయన ఓదార్చి వెళ్ళిపోయేవాడు, తిట్టి ఉంటే ఇంకా తొందరగా వెళ్ళేవాడు. ఆ పోగులు తెగే చప్పుడు ఆ ఇంట్లో నేను విన్నంత గట్టిగా ఎవరూ విని ఉండరనుకున్నాను. ఆయన కూడా విన్నట్టున్నాడు. సగం సర్దిన ట్రంకు మీద కూర్చుండిపోయాడు. ఆమె రెండో చెయ్యి విప్పడానికి రవిక తిప్పింది.

ఆయన లేచి ఫోను తిప్పాడు. లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. తీవ్రమైన జ్వరం, నిలబడలేకున్నాను, బుధవారం బయల్దేరతాను అని చెప్పాడు. అవతలివాళ్ళు ఏదో చెప్తుంటే "దొరస్వామా? సరే, సరే" అన్నాడు. పెట్టేశాక నా వైపు తిరిగి చెప్పాడు.

"ఆదివారం ముందు పోస్టుకు పోవాల్సిందంట. ఎవరికో చెంప వాచి నోరు తెరుచుకోలేదంట. నేను లేను కాబట్టి దొరస్వామి పోయి వాణ్ణి ఆసుపత్రికి తీసుకొస్తాడంట. ఏం పర్లేదులే."

"ఏం పర్లేదు" అన్నాను నేనూ. నా కడుపు చల్లబడింది. లోపల మిషను మళ్ళీ మొదలైంది.

ఆదివారం ఆయన నా మామిడిపండు రంగు పట్టుచీర కట్టాడు. చిలకపచ్చ రవిక, సవరంతో జడ, జడనిండా గోవిందు ఇచ్చిన మల్లెపూలు, మూతి మీద మాత్రం సర్కారు మీసం అట్లాగే. వీధిలో ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోశారు. కుర్రాళ్ళు నోటికొచ్చిన బూతులు తిట్టారు, ఆయన తిరిగి తిట్టాడు. ఒక కెప్టెన్‌కు అన్ని బూతులు వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వి నవ్వి నాకు పక్కలు నొప్పి పుట్టాయి. నా కాపురంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆ రోజును తలుచుకోవడానికి కూడా నాకు హక్కు లేదనిపిస్తుంది.

బుధవారం తెల్లవారుజామున గుడి ముందర అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికారు. జాతర ముగిసింది. జనం ఎగబడి తెచ్చుకునే ఆ మట్టి చిటికెడు పొట్లం కట్టి అత్త కొడుకు జేబులో పెట్టింది. ఆయన రైలెక్కాడు.

తర్వాత ఫోను రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చినప్పుడు ఆయన గొంతు ఎవరిదో అనుకున్నాను.

"దొరస్వామి కాలు పోయింది జానూ."

పోస్టుకు పోయే దారిలో ఇసుక గాలికి కదిలి మందుపాతర ఒకటి బాట మీదికి వచ్చింది. జీపు ముందు ఎడమ చక్రం దాని మీదికి ఎక్కింది. డ్రైవరు బతికాడు, చెవులు పోయాయి. దొరస్వామికి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. దవడ రెండు చోట్ల విరిగింది.

"ఎప్పుడు?" అన్నాను.

"ఆదివారం."

ఎన్ని గంటలకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"వాడెప్పుడూ వెనకే కూర్చుంటాడు. పెట్టెలు పట్టుకొని. నేను లేనని ముందు కూర్చున్నాడు." ఆయనే మళ్ళీ చెప్పాడు. "వాణ్ణి వెనక పెద్దాసుపత్రికి పంపించి ఉండినారు. దిగిన రోజే ఆడికి పోయి, దవడ నేనే కడతానని అడిగినా. పై పండ్లకూ కింది పండ్లకూ తీగలేసి బిగించినా. నెలన్నర మాట్లాడలేడు. గొట్టంతో గంజి, పాలు, అంతే."

"మిమ్మల్ని చూసి ఏమైనా..."

"ఏమంటాడు? నోరు కట్టింది నేనే కదా. పలక ఇచ్చినారు వాడికి. దాని మీద రాసి చూపించినాడు."

"ఏమని?"

"సార్, జ్వరం తగ్గిందా అని."

ఆయన "అమ్మకియ్యి" అన్నాడు. ఆమెకూ అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. తన లోపల తొలుస్తున్నదాంట్లో కొంచెమైనా అమ్మ మోస్తుందనుకున్నాడేమో. మా అత్త వింటూ వింటూ కళ్ళు మూసుకుంది. ఫోను పెట్టేసి నేరుగా దేవుడి గూటి దగ్గరికి పోయి కర్పూరం వెలిగించింది.

"సూసినావా జానూ, నా తల్లి గంగమ్మ నా బిడ్డను ఆ సీట్లో కూర్చోనీలేదు."

సాయంత్రానికి వీధంతా తెలిసింది. మర్నాడు పొంగలి వండి ఇంటింటికీ పంచింది. వారం తిరక్కముందే ఆ కథకు చేతులూ కాళ్ళూ వచ్చాయి. కొడుకును పోలీసు సెలెక్షన్‌కు పంపేవాళ్ళూ, మొగుణ్ణి కువైట్‌కు పంపేవాళ్ళూ మా వరండాకు వచ్చి మా అత్త చేత పసుపుతాడు కట్టించుకుపోయారు. "ఆడర్లూ గీడర్లూ అన్నాడు. ఉండరా అన్నా, ఉండిపోయినాడు. ఆ సీట్లో కూర్చున్నోడికి కాలే లేకుండా పోయింది" అని ఆమె చెబుతుంటే ఆడవాళ్ళు రెండు చేతులూ చెంపల మీద వేసుకునేవాళ్ళు. కూర్చున్నవాడికి పేరుండేది కాదు ఆ కథలో.

నాకు ఒళ్ళు మండేది. "అత్తా, ఆ పిల్లోడికీ అమ్మ ఉంటాది కదా" అన్నాను ఒకసారి. "నేనేమన్నా కాదన్నానా?" అని మిషను తొక్కడంలో పడింది. కానీ నేనూ పెద్ద గొప్పదాన్నేం కాదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నా చేతులు కూడా వాటంతటవే జోడయ్యేవి. ఎందుకు జోడయ్యేవో నాకు తెలుసు.

ఆయన ఆదివారాలు ఫోను చేసేవాడు. నాతో మాట్లాడేవాడు. "అత్తకిచ్చేదా?" అంటే "తర్వాత" అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. మొదట్లో అత్త చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ ఫోను దగ్గరికి వచ్చేది. జూన్ గడిచేసరికి రావడం మానేసి, ఫోను మోగినప్పుడల్లా మిషను గట్టిగా తొక్కేది. ఒక్కగానొక్క కొడుకు బతికున్నాడు, మాట్లాడటం లేదు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గానీ తిండి తగ్గింది, నోరు కూడా తగ్గింది.

జులై చివర్లో, అరవవాళ్ళ ఆడి నెలలో, ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. మామిడిపండ్ల గంప నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దావిడ, వెనక చంకకర్రల మీద పాతికేళ్ళ కుర్రవాడు. గడ్డం కింద ఎర్రగా కుట్ల గీత. ఎడమ ప్యాంటు కాలు మడిచి పిన్నీసు పెట్టి ఉంది. పేరు చెప్పకముందే నేను గుర్తుపట్టాను.

"నేను దొరస్వామిని మేడమ్. మా అమ్మ, భారతమ్మ. కాలు పెట్టించుకొనేదానికి పూనా పోవాల. అంతలోపల ఇంటికి పంపించినారు. సార్ ఇల్లు సూడాలని..." అన్నాడు. మాట బాగానే వస్తోంది, నోరే పూర్తిగా తెరుచుకోవడం లేదు. అది నేను గమనించానని తెలిసి నవ్వాడు. "నోట్లో రెండు వేళ్ళు పడతాండాయి మేడమ్. మూడు పట్టాలంట. దినామూ సాధకం చెయ్యమన్నాడు సార్."

మా అత్త హడావిడిగా లేచింది, చాప పరిచింది, కాఫీ పెట్టమంది. భారతమ్మ గంప దించి, అందులోంచి తమ మగ్గం మీద నేసిన లుంగీలు రెండు తీసి పక్కన పెట్టింది. దొరస్వామి కూర్చోకుండా మిషనునే చూస్తున్నాడు.

"ఇదేనా అమ్మా సార్ చెప్పే మిషను? నేను తొక్కేటప్పుడల్లా మా అమ్మ ఇంకా బాగా తొక్కుతాదిరా అని ఎగతాళి చేసేవాడు."

అత్త నవ్వబోయి ఆగింది. నేను కాఫీలు తెచ్చాను. భారతమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"మీ బిడ్డే మా వాడి దవడ కట్టినాడంట. దండం పెట్టుకొని పోదామని వచ్చినా అక్కా. ఆడికృత్తికకు తిరుత్తణిలో కావడి ఎత్తుతానని మీ వాడి పేరు మీద కూడా మొక్కుకున్నా" అంది. కొంచెం ఆగింది. "మూల మీద పూలకొట్టాయన్ను ఇల్లు యాడని అడిగినా. ఆయన అంతా చెప్పినాడు."

"అమ్మా, ఊరికే ఉండు" అన్నాడు దొరస్వామి.

"ఉంటాలేరా. ఒక్కటే అడగతా." ఆమె గొంతు పెంచలేదు. అడ్రసు అడిగినట్టే అడిగింది. "మీ గంగమ్మ నీ బిడ్డను ఆ సీట్లో కూర్చోనీలేదు, సరే అక్కా. నా బిడ్డను కూర్చోబెట్టింది ఎవరు?"

మా అత్త చూపు దొరస్వామి ప్యాంటుకు పెట్టిన పిన్నీసు మీద నిలిచింది. లేచి, భారతమ్మ తెచ్చిన లుంగీల్లో ఒకటి అతనికి అందించింది.

"ఇది కట్టుకొని ఆ ప్యాంటు ఇట్లియ్యి నాయనా. పిన్నీసు గుచ్చుకుంటాది."

అతను లోపలికి పోయి మార్చుకుని వచ్చాడు. అత్త కత్తెర అందుకోగానే కంగారుపడ్డాడు. "కత్తిరించొద్దమ్మా, పూనాలో కాలు పెడతారంట."

"కత్తిరించనులే."

దారం తుంచడానికే తీసుకుంది కత్తెర. మిషను దగ్గరికి పోలేదు. చాప మీద భారతమ్మ పక్కనే కూర్చుని ప్యాంటు కాలును లోపలికి మడిచి చేత్తో కుట్టబోయింది. సూదిలోకి దారం ఎక్కడం లేదు. భారతమ్మ కాసేపు చూసి, సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చింది.

"కుట్టు పెద్దదిగా వేస్తాండావే" అంది.

"కాలొచ్చినాక విప్పుకోవాల కదా" అంది మా అత్త. ఆ మాటతో ఆమె కళ్ళ నీళ్ళు జారాయి. భారతమ్మ ఆమెను ఓదార్చలేదు, లేచి కూడా పోలేదు. కుట్టు అయ్యేదాకా బట్ట రెండో కొస పట్టుకుని కూర్చుంది. చల్లారిన కాఫీ తాగింది. వెళ్ళేటప్పుడు గంప మాత్రం ఖాళీ చేసి తీసుకుపోయింది, మామిడిపండ్లు మాకే వదిలింది.

ఆ ఆదివారం ఫోను మోగింది. దొరస్వామి వచ్చిపోయాడని చెప్పాను. "నోరెంత తెరుస్తాండాడు?" అదే మొదటి ప్రశ్న. రెండు వేళ్ళన్నాను. "మూడు పట్టాల" అన్నాడు. అప్పటికి మిషను చప్పుడు ఆగిపోయిందని నేను చూసుకోలేదు. అత్త వెనక నిలబడి ఉంది. నా చేతిలోంచి ఫోను తీసుకుంది. అవతలి మాట పక్కవాళ్ళకు కూడా వినబడే పాత ఫోను అది.

"నాయనా, ఆ పొద్దు నువ్వు పోయుండాల్సింది" అంది. "నేను పోనిచ్చుండాల్సింది."



"పోయుంటే ఆ సీట్లో నేనుందునమ్మా" అన్నాడు ఆయన.

"తెలుసు."

అత్త ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"తెలిసే చెప్తాండా నాయనా."

"అన్నం తిన్నావామ్మా?" అని అడిగాడు ఆయన. రెండు నెలల తర్వాత ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె "తింటాలే" అని, ఫోను నాకిచ్చి లోపలికి పోయింది. ఆ తర్వాత మా వరండాలో ఎవరికీ పసుపుతాడు కట్టలేదు, ఆ సీటు కథ చెప్పలేదు.

ఆమె 'పోయుండాల్సింది' అనగలిగింది, కన్నతల్లి అయి ఉండి. నేను ఇంతవరకు అనలేదు. చలికాలానికి సైన్యం వెనక్కి వచ్చింది, ఆయన వచ్చాడు, నిండుగా రెండు కాళ్ళతో. రోజూ ఎదురుగా పీట మీద కూర్చుని అన్నం తింటాడు. వడ్డించేటప్పుడు ఒక్కోసారి ఆ మాట నా నోటిదాకా వస్తుంది. ఆయన కాళ్ళ వైపు చూస్తాను. ఇంకో ముద్దకు సరిపడా అన్నం పెట్టి లేచిపోతాను.